దుంగ లేవాలంటే

"మీ ఉప్ప తాడు ముట్టుకోడటగా. పక్కన నిలబడి పాట పాడతాడట," అన్నాడు పక్కింటి అజ్మల్.

మా అమ్మాయి రంసీన ముఖం ముడుచుకుంది. బేపూరులో చెక్క ఓడలను నీళ్లలోకి దించే ఖలాసీల జట్టుకు ఉప్ప, అంటే వాళ్ల నాన్న, పాట చెబుతాడు. తాడు లాగేది మిగతావాళ్లు.

"నేను లాగుతాలే. నీకన్నా గట్టిగా," అంది.

నలుగురు పిల్లలూ పెరట్లో కొబ్బరి దుంగ మీద కూర్చుని ఊగుతున్నారు. దుంగ దొర్లి కాలువలో పడింది. పిల్లలు దూకేశారు. కాలువలో మేస్తున్న మా మేకపిల్ల కాలు మాత్రం కింద ఇరుక్కుంది.

నేను పరుగెత్తుకొచ్చి ముందు పిల్లల కాళ్లూ చేతులూ తడిమి చూసుకున్నాను. మగవాళ్లంతా ఏటి అవతల పనిలో ఉన్నారు.

కాలువ మీదికి వంగిన పనస కొమ్మకు పాత గిలక ఉంది. దుంగ ఒక కొసకు తాడు కట్టి, గిలక మీదుగా వేసి, పిల్లలు లాగారు. దుంగ జానెడు లేచి మళ్లీ పడింది. మేకపిల్ల అరిచింది. దుంగ కింద చెయ్యి పెట్టి దాన్ని లాగే ధైర్యం నాకు లేదు. తాడు తెగితే? దుంగ నా చేతి మీదే పడితే?

"లాగండర్రా," అన్నాను.

"లాగుతూనే ఉన్నాం ఇత్తా," అంది నన్ను అక్క వరసతో పిలిచే రిషానా, ఆయాసపడుతూ.

రంసీన అరచేతులు కందిపోయాయి. తను లాగేటప్పుడు రిషానా ఊపిరి తీసుకుంటోంది. రిషానా లాగేటప్పుడు అజ్మల్ పట్టు మార్చుకుంటున్నాడు. అది గమనించి రంసీన తాడు వదిలేసింది.

"నలుగురికే లేవట్లేదు, నువ్వూ వదిలేస్తే ఎలా?" అన్నాడు అజ్మల్.

"నేను చెప్పినప్పుడే లాగు. ఈలోగా కదలకు."

పక్కకు జరిగి గొంతెత్తింది. "ఐలసా..."

జత కుదిరేదాకా గొంతు చించుకుని మళ్లీ మళ్లీ అదే పాడింది. చివరికి ముగ్గురూ ఒక్కసారే వెనక్కి వాలారు. దుంగ లేచింది.

"ఆపండి. అలాగే పట్టుకోండి. ఉమ్మా, ఇప్పుడు."

కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాను. మేకపిల్ల నా ఒళ్లోకి వచ్చింది. కాలు విరగలేదు. నా వేళ్లూ నాకు దక్కాయి. ఆ పైవాణ్ణి ఎన్నిసార్లు తలచుకున్నానో.

సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రంసీన శొంఠి కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చింది.

"ఏమిటే ఈ మర్యాద?" అన్నాడు.

"రోజంతా పాడితే గొంతు ఎంత మండుతుందో కదా ఉప్పా," అంది బొంగురు గొంతుతో. "వేడిగా ఉంది, నెమ్మదిగా తాగు."