పాలిష్ పట్టిన రాయి

"ఉక్కునగరం గెస్ట్‌హౌస్‌లో మొగలాయి తోటా? ఎవరి పెళ్లికండీ ఈ సోకులు?" గురునాథరావు డ్రాయింగు మీద స్కేలుతో కొట్టాడు.

"మీ పెళ్లిక్కాదు లెండి. అది ఎలాగూ అవదు," అంది గౌరీశ్వరి తలెత్తకుండా.

కంచరపాలెం పిల్ల. ఆర్కిటెక్టు శ్రీరామ్మూర్తి గారి ఆఫీసులో ఇంకా ప్రొబేషన్. గెస్ట్‌హౌస్ లోగిలికి ఆమె గీసిన ఈ తోట ఆయనకు నచ్చితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. గురునాథరావు రాజమండ్రి నుంచి వచ్చిన సీనియర్ ఇంజనీరు. తనకు కావలసినదాన్ని ముందుగా వెక్కిరించి పెట్టుకునే రకం. ఆమెను రోజూ వెక్కిరించేవాడు.

"ట్యాంకర్ల కోసం కొట్టుకునే ఊళ్లో ఫౌంటెనా?"

"ఫౌంటెన్ కాదు. వాలుగా నిలబెట్టిన రాయి. నీళ్లు కరువైన దేశాల్లో ముస్లిం మేస్త్రీలు చేసిన పని. రాతి మీద నగిషీ ఉంటే చెంబెడు నీళ్లే ఏరులా కనపడతాయి, వినపడతాయి. నగిషీ సోకు కాదు, పొదుపు. మా వీధి కుళాయి దగ్గర నిలబడితే మీకూ తెలిసేది."

అతను మాటలు వినలేదు. గాల్లో వాలు గీస్తున్న ఆమె వేళ్లను చూస్తున్నాడు.

ఆమె తల్లితో సింహాచలం వెళ్లిన రోజున రాయి సైటుకొచ్చింది. నగిషీ అంటే లతలూ పువ్వులూ అనుకున్నాడు గురునాథరావు మహానుభావుడు. దాని మీద వరసగా గాట్లే ఉన్నాయి. మేస్త్రీ పని సగంలో వదిలేశాడని తేల్చుకుని, మొజాయిక్ మిషనుతో అద్దంలా పాలిష్ పట్టించాడు. ఆమె మురిసిపోతుందనుకున్నాడు.

మర్నాడు శ్రీరామ్మూర్తి గారి ముందు నీళ్లు వదిలారు. నీళ్లు రాతికి అంటుకుని జారాయి. కనపడలేదు, వినపడలేదు.

"ఏదమ్మా నీ ఏరు?" అన్నాడాయన.

ఆమె రాతి మీద చెయ్యి పెట్టి చూసింది.

"గరుగ్గా ఉందని నేనే పాలిష్..." అన్నాడు గురునాథరావు.

"ఎవుడు సెయ్యమన్నాడు నిన్ను?" ఆఫీసు తెలుగు ఎగిరిపోయింది. "సేప పొలుసుల్లాగ నాను దగ్గరుండి సెక్కించినాను. ఆ అంచులకి తగిలే నీరు ఇరగాల. గీకీసినావు. నున్నగుంటే అందమనుకున్నావేటి? మనుసుల్ని కూడా అలాగే గీకుతావా?"

"ఆ రాయి తీసేసి గచ్చు చేయించెయ్యండి," అంటూ శ్రీరామ్మూర్తి గారు కదిలారు.

నోరు మూసుకుంటే గురునాథరావు మర్యాద దక్కేది.

"సార్, డిజైను సరైనదే. చెడగొట్టింది నేను. రాయి తిప్పి రెండో వైపు చెక్కిస్తాను. వారం ఆగండి."

"అసలెందుకు పట్టించావయ్యా?"

"ఆవిడ సంతోషిస్తుందని."

మేస్త్రీలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

వారం తర్వాత నీళ్లు పొలుసుల మీద విరిగి తెల్లగా దిగాయి. లోగిలంతా గలగల. శ్రీరామ్మూర్తి గారు కళ్లజోడు తుడుచుకుని, "సోమవారం పర్మనెంటు ఆర్డరు తీసుకోమ్మా," అని వెళ్లిపోయారు.

గురునాథరావు ఆమె పక్కకొచ్చి గొణిగాడు.

"ఏటి? నీళ్ల సప్పుడికి ఇనబడ్లేదు."

మళ్లీ చెప్పాడు.

"ఇనబడ్లేదంటే. వెక్కిరింతలు మాత్రం వీధి సివర్దాకా ఇనబడేవి."

ఈసారి మేస్త్రీలందరికీ వినపడేలా చెప్పాడు, చెవులదాకా ఎర్రబడి.

"ఊఁ," అంది గౌరీశ్వరి, నీళ్లకేసి చూస్తూ. "ఆదివారం వచ్చి మా నాన్న దగ్గర కూడా ఇంతే గట్టిగా సెప్పు. ఆయనికి నిజంగానే ఇనబడదు."