కనకలక్ష్మికి వెలగని దీపం

“మాచర్ల పత్తి వ్యాపారి శ్రీమన్నారాయణ రేపు సాయంత్రం డ్యామ్ ప్లాన్ల మైక్రోఫిల్మ్‌ని విదేశీ ముఠాకి అమ్ముతున్నాడు,” అన్నాడు చీఫ్ మరియదాసు. “ఫిల్మ్ అతని ఇంటి సేఫ్‌లో ఉంది. అతని బూటు మడమలో చిన్న ట్రాన్స్‌మిటర్. అతను దగ్గరికొస్తే గేటు తెరుచుకుంటుంది, లైట్లు వెలుగుతాయి, సేఫ్ తెరుచుకుంటుంది. అది లేనివాడు సేఫ్‌ని ముట్టుకుంటే ఫిల్మ్ కాలిపోతుంది, గేటు బిగుసుకుంటుంది. ట్రాన్స్‌మిటర్ కొట్టేసి ఫిల్మ్ తీసుకురా.”

ఏజెంట్ సుభానీ తలూపాడు. ఎనభై ఆరులో ఇంటికి అంత తెలివి ఉంటుందంటే నరసరావుపేటలో ఎవరూ నమ్మరు.

“షంషాద్ అక్కడ సెక్రటరీగా ఉంది. మన మనిషో, వాళ్ళ మనిషో తేలడం లేదు.”

సుభానీతో నిఖా దాకా వచ్చి, ఆరు నెలల క్రితం చెప్పకుండా మాయమైన మనిషి షంషాద్. సుభానీకి కడుపు మండింది.

మర్నాడు మధ్యాహ్నం అతను ఫ్యాన్ల మెకానిక్ వేషంలో ఆ ఇంటి వరండాలో ఉండగా షంషాద్ అంబాసిడర్ దిగి వచ్చింది. గేటు దానంతటదే తెరుచుకుంది. వరండా లైటు వెలిగింది. అంటే ఆమెకూ ఒక ట్రాన్స్‌మిటర్ ఇచ్చాడన్నమాట. ఇల్లు ఆమెను గుర్తుపట్టింది గానీ, ఆమె సుభానీని గుర్తుపట్టనట్టే చెప్పులు విప్పి, భోజనానికి లోపలికి వెళ్ళిపోయింది.

గుమ్మంలో ఇంటావిడ కనకలక్ష్మి పళ్ళు నూరుతోంది.

“చూశావంటయ్యా? దాని కాలి చప్పుడుకే దీపమెలుగుద్ది. కట్టుకున్నదాన్ని, నాకు స్విచ్చే గతి.”

కిటుకు మడమల్లో ఉందని సుభానీ నోరు జారాడు. జారానని తరవాత చీఫ్‌తో అన్నాడు గానీ, కావాలనే చెప్పాడు. డ్యూటీ ప్రకారం ముందు విప్పాల్సింది, భోజనానికెళ్తూ యజమాని గుమ్మం పక్కన వదిలిన బూటు మడమ. అతను షంషాద్ చెప్పు మడమ విప్పాడు.

“ఆయనదీ పీకు. నాకు లేంది ఎవురికీ వద్దు,” అంది కనకలక్ష్మి. రెండు ట్రాన్స్‌మిటర్లూ లాక్కుని పెరటి బావిలో పడేసింది. పల్నాటి ఆడవాళ్ళు పౌరుషాన్ని అరువు తెచ్చుకోరు. వాటితోపాటు సుభానీ మిషన్ కూడా బావిలో పడింది.

సాయంత్రం ముఠా మనిషి వచ్చాడు. శ్రీమన్నారాయణ దర్జాగా బూట్లు తొడుక్కుని సేఫ్ ముందుకు నడిచాడు. అది కదల్లేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ముఠా మనిషి వాచీ చూసుకున్నాడు. పరువు పోతోందని శ్రీమన్నారాయణ హ్యాండిల్ పట్టి లాగాడు.

లోపల బుస్సుమంది. సందుల్లోంచి పొగ వచ్చింది. గేటు ధడాలున బిగుసుకుంది. మరుక్షణం షంషాద్ పిస్తోలు తీసి ఇద్దరికీ గురిపెట్టింది. ఆమె ముందే పెట్టిన కబురుతో బయట కాపు కాసిన పోలీసులు గోడ దూకారు.

షంషాద్ మన మనిషే, చీఫ్‌కి కూడా చెప్పకుండా పైవాళ్ళు పంపిన మనిషి. ఫిల్మ్‌తో సహా వాళ్ళను పట్టుకుందామని, నానా తంటాలు పడి ఆ ట్రాన్స్‌మిటర్ సంపాదించిందట. ఆమె చెప్పిందంతా విని సుభానీ ఒక్కటే అడిగాడు.

“ఆ చెప్పులు నీ కాళ్ళకి ఆయనే తొడిగాడా?”

షంషాద్ మడమ ఊడిన చెప్పు అతని చేతిలో పెట్టింది.

“ఊడబీకినోడివి నువ్వు, కొత్తవి తొడిగేదీ నువ్వే. నా సైజు గుర్తుందా, ఈ ఆర్నెల్లలో ఇంకెవరి సైజన్నా నేర్చుకున్నావా?”

డ్యామ్‌ని కాపాడిన ఏజెంట్ ఆ రాత్రి మాచర్ల బజారులో చెప్పుల షాపుల వెంట తిరిగాడు.