మొరుగుడు ఆగిన తర్వాత

కోడలు స్టవ్వు మీద పాలు పెట్టి, ఒక కన్ను వాటి మీదా ఇంకో కన్ను హాల్లో ఆడుకుంటున్న రెండేళ్ల కూతురి మీదా వేసి, ఉడికిన గుడ్డును గోరంత ముక్కలుగా తరుగుతోంది. ఆ ముక్కలు పాపకి కాదు, బూచికి. వానలో వణుకుతుంటే జాలిపడి ఆమె భర్త ఎత్తుకొచ్చిన నల్ల కుక్క అది.

"కూర్చో" అంది. బూచి కూర్చుంది. కూర్చోగానే ఆమె అరచేతిలోని చిన్న డబ్బా టిక్కుమంది, వెంటనే ఓ ముక్క దాని నోట్లో పడింది. టిక్కుమంటే, 'ఇప్పుడు చేశావే, అదీ మంచి పని' అని చెప్పడం. ఫోనులో చూసి నేర్చుకున్న విద్య. బూచికి కూర్చోవడం వచ్చింది. పాప గిన్నె జోలికి పోకుండా ఉండటమూ వచ్చింది. కాలింగ్ బెల్ మోగితే మొరగడం మాత్రం తగ్గలేదు సరికదా, ఈమధ్య మరీ ఎక్కువైంది.

"మొదలైందా లంచాల దర్బారు?" అంటూ చేతికర్రతో వచ్చారు మామగారు. రిటైరైన డ్రిల్లు మాస్టారాయన. "నిన్న బెల్లు మోగగానే ఇది ఎగిరి దూకబట్టే కదా, పాప నుదురు బొప్పి కట్టింది? ఊరి చివర తోట కాపలాదారుకి చెప్పాను. కాసేపట్లో వచ్చి తీసుకుపోతాడు. గొలుసేసి నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుంది."

"ఇవ్వను మామయ్యగారూ."

పాలు పొంగాయి. ఆమె అటు తిరగలేదు.

"ఏమన్నావ్?"

"బూచిని ఇవ్వనన్నాను."

"వందలమంది పిల్లల్ని ఒక్క వరసలో నిలబెట్టినవాణ్ణి నేను. బెత్తం పడితే మైదానంలో చీమ కదిలేది కాదు. తొమ్మిదితో బడి మానేసిన నువ్వా నాకు చెప్పేది?"

"అలాంటి బెత్తానికి భయపడే మానేశాను. ఎక్కడ కొడతారోనని వచ్చిన లెక్కలు కూడా మర్చిపోయేదాన్ని. దెబ్బలతో నేను నేర్చుకున్నది ఒక్కటే, పొద్దున్నే కడుపునొప్పని అబద్ధమాడటం."

ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. కానీ మొన్న పాప పాలు ఒలకబోసినప్పుడు ఆ కర్ర గాల్లోకి లేచింది. తగల్లేదు. పాప మాత్రం గట్టిగా కళ్లు మూసుకుంది. ఆ మూసిన కళ్లే ఆమెకి నిద్ర లేకుండా చేస్తున్నాయి. ఇవాళ కుక్కని వదులుకుంటే, కర్రే గెలిచినట్టు. రేపు వంతు పాపదే.

బెల్లు మోగింది. బూచి ఇల్లెగిరిపోయేలా అందుకుంది. ఆమె స్టవ్వు ఆర్పి, హాల్లోకి వెళ్లి పాపని చంకనేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నన్ను దాటి తీసుకెళ్లమనండి, చూస్తాను."

అంత గోలలోనూ టిక్కుమని వినిపించింది. ఆమె తన చెయ్యి చూసుకుంది. డబ్బా వంటింట్లోనే ఉంది. మళ్లీ టిక్కు. బూచి గొంతు ఇంకా పెంచింది. తీరా చూస్తే అది మొరుగుతున్నది తలుపు వైపు కాదు, మామగారి చొక్కా జేబు వైపు!

వెనక గదిలోంచి అత్తగారు బయటికొచ్చింది. "ఇంకా దాపరికం ఎందుకండీ? అమ్మాయ్, నువ్వు ఆ టిక్కు డబ్బాలు జతగా కొన్నావే, అందులో రెండోది ఈయన జేబులోనే ఉంది. మధ్యాహ్నం నువ్వు పాపని జోకొడుతుంటే ఈయన దీని చుట్టూ ప్రదక్షిణలు!"

"మొరిగినప్పుడల్లా నొక్కాను" అన్నారాయన గొణుగుతూ. "నొక్కితే నోరు మూస్తుందని. మూసేది కూడా!"

"బిస్కెట్టు నోట్లో కుక్కితే మూయక పాట పాడుతుందా?" అంది అత్తగారు.

కోడలికి నవ్వు, ఏడుపు ఒకేసారి తన్నుకొచ్చాయి. లోపం తన నేర్పడంలోనే ఉందని ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో!

"మామయ్యా, అది టీవీ రిమోటు కాదు. మొరిగినప్పుడు నొక్కితే, మొరగడమే మంచి పని అని దానికి చెప్పినట్టు. మీరు దానికి మొరగడం నేర్పారు. నాకంటే బాగా నేర్పారు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నువ్వు పిలిస్తే తోకూపుకుంటూ వస్తుంది. నేను పిలిస్తే మంచం కింద దూరుతుంది. పాపా అంతే. ఈ ఇంట్లో ఒక్కటైనా నా మాట వింటుందేమోనని..."

ఆమెకి జాలేసింది. అయినా గుమ్మం వదల్లేదు.

"డబ్బా తీయండి. మొరుగుతున్నంతసేపూ నొక్కొద్దు."

"మాస్టారూ, ఉన్నారా?" బయటినుంచి కాపలాదారు మళ్లీ బెల్లు కొట్టాడు. బూచి మళ్లీ మొదలెట్టింది.

"ఇప్పుడా?"

"ఊహూ."

టిక్కు రాలేదు, బిస్కెట్టూ రాలేదు. బూచి తికమకపడి, తల ఒక పక్కకి వాల్చి, ఆగింది.

"ఇప్పుడు!"

టిక్కు. బిస్కెట్టు. బయట బెల్లు మళ్లీ మోగింది; రెండోసారి ఇంకాస్త తొందరగా ఆగింది. మూడోసారి ఆయనే, ఆమె చెప్పకుండానే, సరిగ్గా నొక్కారు.

ఆమె తలుపు ఓరగా తీసింది. "కుక్కని ఇవ్వడం లేదన్నా. అనవసరంగా తిప్పినందుకు ఏమనుకోకు" అని చెప్పి మూసింది.

"ఇంకొక్క మాట మామయ్యా. నా కూతురి మీదకి కర్ర లేవకూడదు. ఉత్తినే బెదిరించడానికైనా సరే."

"నేనెప్పుడు కొట్టాను?"

"కొట్టలేదు. పాప కళ్లు మూసుకుంది. నేను చూశాను."

"లేవదు."

"నాకు కాదు. దానికి చెప్పండి."

ఆ ఇంట్లో ఆయనతో అలా మాట్లాడినవాళ్లు లేరు. కోడలు పాపని కిందకి దింపింది. మాస్టారు కుర్చీలోంచి జారి, మోకాళ్ల మీద కూర్చున్నారు. మైదానం ఆ చివరికి వినబడే గొంతు పక్కనున్నవాళ్లకి కూడా సరిగ్గా వినబడలేదు.

"లేవదు తల్లీ. ఇంకెప్పుడూ లేవదు."

పాప అమ్మ కొంగు వదల్లేదు. కోడలు దాన్ని ముందుకి తొయ్యలేదు. రమ్మని ఆయనా పిలవలేదు. కళ్లనీళ్లు తుడుచుకోకుండా, చేతులు చాచకుండా, అలాగే మోకాళ్ల మీద కూర్చుని, పాప తనంతట తను వచ్చేదాకా ఆగారు.