నురగ నిలిచేదాకా

"ఈ సబ్బుకు నురగ రాదు. మార్చియ్యి."

"సబ్బుకు వస్తాదన్నా. నీ చేతికే రాదేమో."

బత్తలపల్లె బస్టాండు ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ స్టోరులో షఫీవుల్లాకూ, ఆ అంగడి చూసుకునే ఆరీఫాకూ నడిచిన మొదటి మాటలివి. ఆమె జవాబులో ఏది ఎక్కువ పొడిచిందని అడిగితే షఫీ చెప్పలేడు. చెయ్యి మంచిది కాదన్నందుకా, అన్నా అన్నందుకా?

బెంగళూరులో ఓ పెద్ద సెలూన్లో మూడేళ్లు కత్తెర పట్టి, నెల కిందటే సొంతూరికొచ్చి, అదే రోడ్డుకు అవతలి పక్క అద్దాల సెలూన్ తెరిచాడు షఫీ. అక్కడ బ్రష్షు నాలుగుసార్లు తిప్పితే నురగ గిన్నె దాటి పొంగేది. ఇక్కడ నలభైసార్లు తిప్పినా చారు మీద బుడగల్లా కాసేపు కనబడి, కత్తి అందుకునేలోపు ఆరిపోతోంది. తప్పు సబ్బుదేనని షఫీ తేల్చేశాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట.

ఫోన్లో వీడియోలు చూసి ఒక సిద్ధాంతం కూడా పట్టుకొచ్చాడు.

"సబ్బుతో జారుడు వస్తాది, క్రీముతో పొంగు వస్తాది. ముందు సబ్బు రుద్ది, దానిమింద బటానీ గింజంత క్రీము పెట్టి తిప్పితే రెండూ వస్తాయి. ఎవరికీ చెప్పొద్దు."

"ఎవరడుగుతార్లే అన్నా," అంది ఆరీఫా.

అప్పట్నుంచి ప్రతి గురువారం ఒక సబ్బు, ఒక క్రీము. గంధం సబ్బు మీద వేపాకు క్రీము. నిమ్మ సబ్బు మీద కలబంద క్రీము. ఒకసారి పుదీనా చల్లదనం ఉన్నవి రెండూ కలిపి ఆటో కుళ్లాయప్ప మొహానికి పట్టించాడు. మే నెల ఎండలో కుళ్లాయప్పకు దవడలు వణికాయి. అతను మర్నాడే మళ్లీ వచ్చి, గడ్డం లేకపోయినా ఫరవాలేదు, అదే పూయమన్నాడు. నురగ మాత్రం రాలేదు.

"ఈ వారం రిపోర్టేంది సైంటిస్టన్నా?" అని అడిగేది ఆరీఫా. అతను చెబుతుంటే నవ్వు ఆపుకోవడానికి గాజుల డబ్బాలు సర్దేది. సర్దిన డబ్బాలే మళ్లీ సర్దేది. షఫీ క్రీము ట్యూబు మీద గడువు తేదీ చదువుతున్నట్టు నటిస్తూ ఆమెను చూసేవాడు. ఒక తేదీ చదవడానికి పావుగంట పట్టే మనిషిని గురించి ఊరు ఏమనుకోవాలో అదే అనుకుంది. ఆ మాట ఆమె నాయన ఖాసిం సాబ్ దాకా వెళ్లింది.

ఖాసిం సాబ్ ముప్పై ఏళ్లు లారీ తోలి, మీసం ఒక్కటే సంపాదించుకున్నానని చెప్పుకునే మనిషి. షఫీ వాళ్లమ్మ జుబేదాబీ సంబంధం మాట్లాడటానికి వెళ్తే ఆ మీసం కింద నవ్వాడు.

"ఆర్నెల్లుగా నురగే తెప్పించలేనోడు సంసారం ఏం ఈదుతాడమ్మా? సరే, శుక్రవారం పొద్దున వస్తా. రెండు దవడలూ గీసేదాకా నా మొగంమింద నురగ నిలబడితే పెండ్లి మాట్లాడదాం. ఆరిపోతే ధర్మవరం సంబంధానికి ఊ అంటా. ఆ పిల్లోనికి చీరలంగడి ఉండాది."

జుబేదాబీ ఇంటికొచ్చి ఆ మాట షఫీకి చెప్పింది. పోతే సబ్బు కాదు, ఆరీఫా పోతుంది.

గురువారం సాయంత్రం అంగట్లో ఉన్న సబ్బులన్నీ కౌంటరు మీదికి లాగాడు. ఆరీఫా నవ్వలేదు.

"నీళ్లు యాడివి వాడతాండావు?"

"మా బోరువి. తాగేదానికైతే ఫిల్టర్ నీళ్ల క్యాన్ పెట్టినా. కస్టమర్లకు మర్యాద ఉండాల గదా."

"ఆ బోరు నీళ్లతో మీ ఇంట్లో పప్పు ఉడుకుతాదా?"

"యాడ ఉడుకుతాది? మా యమ్మ పప్పుకు క్యాన్ నీళ్లే..."

షఫీ చేతిలో ఉన్న సబ్బును కౌంటరు మీద పెట్టేశాడు.

ఈ సీమలో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలిసిన సంగతి అది. ఉప్పు నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు పొంగదు. మూడేళ్లు కావేరి నీళ్లకు అలవాటు పడొచ్చిన సైంటిస్టు ఒక్కడే మరిచిపోయాడు. కస్టమరు నోటికి ఫిల్టర్ నీళ్లు, మొహానికి బోరు నీళ్లు పోసి, ఆర్నెల్లు సబ్బుల్ని తిట్టాడు.

"నీకెప్పుడు తెల్సు?"

"మొదటి దినమే."

"మరి చెప్పలేదే?"

ఆరీఫా గాజుల డబ్బా మీద చెయ్యి పెట్టింది గానీ సర్దలేదు. "చెప్పింటే రెండో వారం వస్తాంటివా?"

దానికి షఫీ తనకు తెలిసిన కష్టమే చెప్పాడు. "ఫిల్టర్ ప్లాంటు మోటరు కాలిపోయి రెండు దినాలాయె. నా క్యాన్లో చుక్క లేదు."

"మా ఇంట్లో ఒకటి ఉండాది. పంపిస్తా."

ఇంటికి పోయాక గానీ అతనికి తట్టలేదు, ఆ సాయంత్రం ఆమె ఒక్కసారి కూడా అన్నా అనలేదని.

శుక్రవారం ఖాసిం సాబ్ వచ్చి కుర్చీలో కూచున్నాడు. షఫీ గంధం సబ్బు రుద్ది, బటానీ గింజంత వేపాకు క్రీము పెట్టి, బ్రష్షు తిప్పాడు. నురగ లేచింది. దవడలు కప్పింది, మీసం కప్పింది, చెవులదాకా పోయింది. తమాషా చూడ్డానికి వచ్చిన కుళ్లాయప్ప బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

ఒక దవడ గీయడం అయింది. రెండోదానికి కత్తి ఆనించబోతుంటే ఖాసిం సాబ్ చెయ్యెత్తి ఆపాడు. ఆయన చూపు అద్దంలో ఉంది. అద్దంలో మూలనున్న క్యాన్, దాని మీద ఎర్ర రంగుతో తిరగబడిన అక్షరాలు. ముప్పై ఏళ్లు వెనక బండ్ల రాతలు అద్దంలో చదివిన మనిషికి తన పేరు చదువుకోవడం ఎంత పని?

"పొద్దున్నుంచి మా ఇంట్లో చాయ్ లేదు," అన్నాడు నురగలోంచి. "క్యాన్ ఎవరో ఎత్తుకపోయినారని మా పాప చెప్పింది. ఎత్తుకపోయింది నువ్వేనా?"

షఫీ ఒక అబద్ధం వెతికాడు. దొరకలేదు. "బోరు నీళ్లకు నురగ రాదు మామా. నాకు తెలీలే. ఆరీఫా చెప్పింది."

"మామ ఎవరప్పా నీకు? పరీక్షలో చూసి రాసినావు."

"చూసే రాసినా. ఆ పాపను ఇంగొకరికి ఇస్తామంటే నేనేం చేయాల? సబ్బూ క్రీమూ కలిపింది మాత్రం నేనే."

ఖాసిం సాబ్ రోడ్డు అవతలికి కేకేశాడు. ఆరీఫా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన తిట్టడం మొదలుపెట్టాడు. చాయ్ గురించి, అబద్ధం గురించి, ధర్మవరం వాళ్లకు ఏ మొహం చూపించాలనే దాని గురించి. పదినిమిషాలు తిట్టాడు. మధ్యలో కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"సాబ్, నురగ ఇంగా ఆరలే."

ఖాసిం సాబ్ వేలితో దవడ తాకి చూసుకున్నాడు. తడిగానే ఉంది. మాటిచ్చింది తనే. అద్దంలో సగం గీసిన తన మొహాన్ని చూసుకుని, కూతురివైపు తిరిగాడు.

"ఆర్నెల్లుగా ఈ పిల్లోన్ని అన్నా అన్నా అంటాండావని ఊరంతా చెప్తాండాది. ఇప్పుడు ఎట్ల చేసుకుంటావు?"

"అది అంగట్లో పిలిచేది, నాయనా," అంది ఆరీఫా.

షఫీ ఆమెనే చూస్తూ, చూడకుండానే కత్తి రెండో దవడకు ఆనించబోయాడు. ఖాసిం సాబ్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని తన గొంతుకు దూరంగా జరిపాడు.

"ముందు ఆ కత్తి పక్కన పెట్టి నీళ్లు తాగప్పా. మా క్యాన్లోవే తాగు."