పాపారావు పెట్టిన ఆయ్

అది ఎనభై ఆరు, వానాకాలం. అమలాపురంలో కంప్యూటర్ ఇనిస్టిట్యూట్ అంటే రెండు కంప్యూటర్లు, నాలుగు బల్లలు, గుమ్మంలో చెప్పుల గుట్ట. ఆ రెండు కంప్యూటర్లకీ పొసగేది కాదు. లోపలి చిప్పులు వేరు. బేసిక్ భాషను నడిపే ప్రోగ్రాం ఒకదానిలో చక్కగా నడిచేది, రెండోదానిలో మధ్యలోనే చతికిలబడేది.

అక్కడ పాఠాలు చెప్పే పాపారావు నెలల తరబడి కూర్చుని, ఆ ప్రోగ్రాంకి అతుకులు వేసి, రెండు చిప్పుల మీదా నడిచేలా చేశాడు. సరదా మనిషి. పనికి సిద్ధమని యంత్రం 'రెడీ' అనే చోట, అమలాపురం వాళ్ళు 'అలాగేనండి' అనడానికి వాడే 'ఆయ్'ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. "మనూళ్ళో ఉన్నాక మనలాగే పలకాలి కదండీ," అనేవాడు. తర్వాత దిండి దగ్గర ఏట్లో పడవ బోల్తాపడి చనిపోయాడు.

ఆ పనంతా తనదేనని తోటి మాస్టారు జోజి ఓనరు కనకరాజు గారికి చెప్పుకున్నాడు. 'ఆయ్' తీసేసి మళ్ళీ 'రెడీ' పెట్టాడు. హెడ్ మాస్టారయ్యాడు. సిగ్గు లేక కాదు, పాపారావు కుర్చీ వైపు చూడాలంటే తల ఎత్తలేకపోయేవాడు.

ఆ రోజు రెండో కంప్యూటర్ పొద్దుటే మొరాయించింది. జోజి దాని చిప్పు పీకి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితంలో చుట్టి, రిపేరుకి పంపుదామని జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. కరెంటు పోయింది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు.

పాపారావు భార్య ఎలీసమ్మ గొడుగు ముడిచి లోపలికొచ్చింది.

"జోజి గారూ, ఆ పని మా ఆయన చేసేరని మీరొక్క మాటంటే, నాకిక్కడ టైపు నేర్పే ఉద్యోగం ఇస్తానన్నారండి కనకరాజు గారు." గొంతు తగ్గించింది. "ఆయన చేసిందే కదండీ?"

జోజి చెవులు మండిపోయాయి. అవునంటే తన పరువు, పదవీ రెండూ పోతాయి.

"కాదండి. నేనే చేశాను."

గదిలో ఏటి బురద వాసన...

చీకట్లో కీబోర్డు మీట నొక్కిన చప్పుడు. ఇంకొకటి... మూడోది.

రెండో కంప్యూటర్ తెర పచ్చగా వెలిగింది. కరెంటు లేదు. అందులో చిప్పూ లేదు.

'ఆయ్.'

"ఇది ఆయన పెట్టిందేనండి," అంది ఎలీసమ్మ గుసగుసగా. ఆమె తెరను చూడటం మానేసి జోజిని చూసింది. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఆయనే చేసేరండి... రేపు చెబుతాను కనకరాజు గారికి."

"ఆయ్," అని ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. తెర ఆరిపోయింది.

రేపటి సంగతి రేపు చూసుకోవచ్చు, అనుకున్నాడు జోజి. ఎవరు చూశారు గనక?

జేబు చురుక్కుమంది.

తీసి చూశాడు. చిప్పు వెండి కాగితంలో చుట్టినట్టే ఉంది. కాగితం మడతల్లోంచి బురదనీళ్ళు కారుతున్నాయి. చిప్పు మాత్రం వేడిగా ఉంది... అరచేతిలో ఇంకా వేడెక్కుతూనే ఉంది.