పేరున్నవాళ్ళు

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, మా ఆసుపత్రిలో పరిశోధన వ్యాసాల సంగతి అచ్చం అంతే. ఊపిరితిత్తుల కొత్త మందు మీద ఏళ్ళ తరబడి చచ్చీచెడీ పనిచేసింది అక్క. తోడబుట్టింది కాదు, నా సీనియర్ డాక్టరు. కిందటి నెల జ్వరంతో పోయింది. వ్యాసం మీద మొదటి పేరు ఆమెదే ఉండాలని నా పట్టుదల.

సాయంత్రం. ఒకటే వాన. ఓపీ హాలుకి తాళం పడింది. గదిలో ఫినాయిలు వాసన, కిటికీ సందులోంచి తడిగాలి. మా విభాగం హెడ్డు, మేం పెద్దాయన అంటాం, నా కంప్యూటర్ ముందు కూర్చుని అక్క పేరు కొట్టేశాడు. తన పేరు మొదటికి తెచ్చుకుని, పక్కన అల్లుడి పేరు ఎక్కించాడు. చివర్న నాది.

“అల్లుడుగారు ఒక్క రోగినైనా చూళ్ళేదు కదా సార్!”

“నువ్వు చూశావుగా, చాల్లే. పేరున్నవాడు రేపు ఎవరేం అడిగినా జవాబు చెప్పాలి. పోయినామె ఏం చెబుతుందయ్యా?”

వ్యాసం పంపించేసి తన గదికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దిద్దుకోవడానికి రేపటిదాకా వీలుంది. మళ్ళీ తెరిచి అక్క పేరు టైపు కొట్టాను. చెరిగిపోయింది. మళ్ళీ కొట్టాను. ఒక్కో అక్షరమే... చెరిగిపోయింది.

మెడ మీద చల్లటి ఊపిరి.

“వద్దురా తమ్ముడూ...”

అక్క గొంతు!

“కష్టమంతా నీదే కదక్కా...”

“పేరున్నవాళ్ళ దగ్గరికే వస్తున్నారు. మందు మధ్యలో మానేసి వెళ్ళిపోయారని పెద్దాయన రాయించాడే, ఆ రోగులు... ఎక్కడికీ వెళ్ళలేదురా. చచ్చిపోయారు.”

తిరిగి చూశాను. ఎవరూ లేరు. నా పేరు కొట్టేశాను. మళ్ళీ వచ్చింది. కొట్టేశాను. మళ్ళీ...

తాళం వేసిన హాల్లో ఎవరో దగ్గారు. ఇంకొకరు. తర్వాత హాలంతా దగ్గే. అది మెల్లగా వరండాలోకి వచ్చింది. పెద్దాయన గది తలుపు తెరుచుకున్న చప్పుడు.

“నాకేం తెలీదమ్మా! పేరే నాది... పని వాళ్ళది!”

అంతే. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

అల్లుడికి ఫోన్ చేశాను. ఆయన ఊళ్ళో కూడా లేడు. ఎత్తాడు. అటునుంచి దగ్గు తప్ప మరేమీ వినపడలేదు.

ఇక నేనే. లోపలి గడియ వేసి తలుపుకి వీపు ఆనించాను. దగ్గు దగ్గరికొచ్చి... ఆగింది.

“డాక్టరు బాబూ,” ముసలి గొంతు, ఎంతో మర్యాదగా, “ఆ మందు ఇంకా వేసుకోమంటారా?”