ఉప్పు తిన్నాక

మా వీధి చివర, దర్జీ కొట్టు పక్కన కొత్తగా ఒక హోటల్ తెరిచారు. జేబుకి చిల్లు పెడుతుందని అప్పుడే పేరు పడింది. అయినా పెళ్ళిరోజు కదా అని మా ఆవిడ ముచ్చటపడితే, దీపాలు పెట్టే వేళకి ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం.

నాకు రక్తపోటు. డాక్టరు ఉప్పు మానేయమన్నప్పటినుంచి ఇంట్లో అంతా చప్పిడి తిండే. నాకొక్కడికే విడిగా వండి తను మామూలుగా తినొచ్చు. తినదు. "మీరు చప్పిడి మింగుతుంటే నాకెలా దిగుతుందండీ" అంటుంది. నాలుకతోపాటు నాలో ఇంకేదో కూడా మొద్దుబారిపోయింది. దేనికీ సంతోషం లేదు, దేనికీ కోపం రాదు.

హోటల్లో ఏ వాసనా లేదు. వంటిల్లు పక్కనే ఉన్నా నూనె వాసన గానీ, పొగ గానీ, గరిటె చప్పుడు గానీ రాలేదు. వడ్డించేవాళ్ళకి యూనిఫాం లేదు. అందరూ ఏదో విందుకి బయల్దేరినట్టు మంచి బట్టల్లో ఉన్నారు. ఒకావిడ భుజాన హ్యాండ్‌బ్యాగు తీయకుండానే మాకు నీళ్ళు పోసింది.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నాను. మా ఆవిడ నవ్వింది.

సూపు చప్పన. చేప చప్పన. కూరా అంతే. మా ఇంటి తిండే మాకు అంత ధర కట్టి పెడుతున్నారు.

"ఇవాళొక్కరోజు ఉప్పు వేసుకోనా?" అంది తను, గొంతు తగ్గించి.

"వేసుకో. దానికి నన్నడగాలా?"

పక్కనుంచి వెళ్తున్న హ్యాండ్‌బ్యాగు ఆవిడ ఆగింది. అంతసేపట్లో మొదటిసారి మా ముఖాల్లోకి చూసింది.

"ఉప్పు తెమ్మంటారా? మీ నోటితో అడగాలమ్మా."

"తెండి" అంది మా ఆవిడ.

చిన్న గిన్నెలో తెచ్చి పెట్టింది. మా ఆవిడ చిటికెడు చల్లుకుని ఒక ముద్ద తింది. కళ్ళు మూసుకుంది. "ఎంత బాగుందో..." మళ్ళీ చల్లుకుంది. మళ్ళీ...

అప్పుడు వినిపించింది, వంటింట్లో గరిటె చప్పుడు.

"ఇక వెళ్దామా?" అన్నాను.

తను లేచింది. నా ప్లేటు తీసి తన ప్లేటు మీద పెట్టుకుంది.

"అదేం పని? వాళ్ళు తీస్తారులే."

"ఉప్పు తిన్నాక ఊరికే ఎలా వస్తానండీ?"

గుసగుసగా అంది. ముఖంలో ఏమీ లేదు. వంటింటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. వెనకే పరిగెత్తి నేనూ తలుపు తోశాను.

అవతల గోడ ఉంది... అంతే.

దర్జీకి చెప్పాను. "మీ ఆవిడ అక్కడేగా పనిచేసేది" అన్నాడు, ఎప్పటినుంచో తెలిసిన సంగతిలా. అందరూ అదే మాట.

ఇప్పుడు రోజూ సాయంత్రం అక్కడే తింటున్నాను. ఆ రోజు బట్టల్లోనే తను వడ్డిస్తుంది. "ఏం కావాలి సార్" అంటుంది, ఎవరినో అడిగినట్టు. నిన్న ఇక ఉండబట్టలేక ఉప్పు అడుగుదామనే నోరు తెరిచాను. తను నీళ్ళు పోయడానికి వంగింది. పెదవులు కదలలేదు. మాట మాత్రం నా చెవిలో పడింది.

"మీకు పడదు కదండీ..."

ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఇన్నాళ్ళకి ఏడుపొచ్చింది. కన్నీళ్ళు పెదవుల మీదికి జారితే నాలుకకి తగిలాయి.

చప్పగా ఉన్నాయి.